అమ్మకి దణ్ణం పెట్టడం తేలిక

సంచికకి ఏదైనా రాసివ్వమని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు "నాకేం రాయడం వచ్చు, నేను సైన్సు విద్యార్థిని" అని తప్పించుకోబోయాను. "మీ అమ్మగారి గురించి రాయవోయ్" అన్నాడు ఒక మిత్రుడు. ఆ మాటకి కాదనలేకపోయాను. అయితే ముందే ఒక మనవి. ఇలాంటి సంచికల్లో అమ్మ మీద వచ్చే వ్యాసాలు చాలా చదివాను. వాటిలో అమ్మ కొవ్వొత్తిలా కరుగుతుంది, చెట్టులా నీడనిస్తుంది, చివరికి దేవత అవుతుంది. మా అమ్మని దేవతని చేయడానికి నేనీ వ్యాసం రాయడం లేదు. ఆమెని దేవతని చేయడం వల్ల ఎవరికి లాభం కలిగింది, ఎవరికి నష్టం జరిగింది అన్నది కాస్త లెక్క తేల్చుకుందామని రాస్తున్నాను.

మాది అరకులోయ అవతల కొండమీది పల్లె. పేరు రాసినా మీలో ఎవరికీ తెలియదు. అరకు మాత్రం అందరికీ తెలుసు. ఎక్స్‌కర్షన్‌కి రైల్లో వచ్చి సొరంగాల్లో కేకలు పెట్టి, బొర్రా గుహలు చూసి, బొంగు చికెన్ తిని, వలిసె పూల మడిలో ఫొటో తీయించుకుని వెళ్లే ఉంటారు. ఆ పసుపుపచ్చటి మడి ఎవరో ఒక రైతుది. అలాంటి రైతు కుటుంబమే మాది. కొండవాలులో చోడి, సామ, వలిసె. గెడ్డ పక్కన కొద్దిపాటి పల్లం. ఎకరంన్నర కాఫీ తోట, నీడకి వేసిన సిల్వర్ ఓక్ చెట్లకి పాకించిన మిరియాలు. రోడ్డు మీద నుంచి చూస్తే మా ఊరు అందమైన బొమ్మలా ఉంటుంది. ఆ రోడ్డుకీ మా ఊరికీ మధ్య నాలుగు కిలోమీటర్ల కాలిబాట ఉంది. నా కథంతా ఆ నాలుగు కిలోమీటర్లదే.

మా అమ్మ ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి దాకా చదివింది. మా ఊరికి కోడలిగా వచ్చేనాటికి ఊళ్లో ఉత్తరం చదవగలిగిన ఆడమనిషి ఆమె ఒక్కతే. 2003లో ఆమెకి మొదటి కాన్పు. వానాకాలం. కడుపుతో ఉండగానే మలేరియా జ్వరం పట్టుకుంది. ఇంట్లోనే పురుడు. బిడ్డ మూడు రోజులు బతికింది. ఆ బిడ్డకి పేరు కూడా పెట్టలేదు. ఉంటే నాకు అక్క. అమ్మ ఆ సంగతి మాతో ఒకటి రెండు సార్లే చెప్పింది, అదీ చోళ్లు తిరగలిలో వేస్తూ, మా మొహం చూడకుండా.

నేను 2005లో పుట్టాను. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైంది. ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 అంబులెన్సు బయలుదేరింది. మిషన్ కిందే ఊరూరా ఒక ఆశా కార్యకర్త ఉండాలన్నారు. మైదానంలో వెయ్యిమంది జనాభాకి ఒకరు, కొండప్రాంతాల్లో ఆవాసానికి ఒకరు చొప్పున కూడా ఉండొచ్చన్నది నియమం. మరుసటేడు మా ఊరివాళ్లు కూర్చుని, "సదువుకున్నది ఇదొక్కతే కదా" అని అమ్మ పేరు చెప్పారు. నేనప్పుడు ఒళ్లో పిల్లాణ్ణి. అమ్మ ఎందుకు ఒప్పుకుందని నేను ఎప్పుడూ అడగలేదు. పేరు పెట్టని ఆ బిడ్డ కోసమే అయుంటుందని నా ఊహ.

ఈ ఉద్యోగాన్ని ప్రభుత్వం ఉద్యోగం అనలేదు. 'స్వచ్ఛంద కార్యకర్త' అంది. మాట చిన్నదే గాని దాని బరువు పెద్దది. స్వచ్ఛందం గనక జీతం ఉండదు, చేసిన పనికి ప్రోత్సాహకం ఉంటుంది. సెలవు ఉండదు, ఎందుకంటే ఉద్యోగమే కాదు కదా.

పని ఏమిటో చెబుతాను. ఎవరికి నెల తప్పిందో ముందుగా తెలుసుకుని మూడు నెలలలోపు పేరు రాయించాలి. పరీక్షలకి తీసుకెళ్లాలి. ఐరన్ మాత్రలు ఇవ్వాలి, ఇచ్చాక అవి చూరులో దోపేయకుండా మింగేలా చూడాలి. ఆస్పత్రిలో కాన్పుకి ఒప్పించాలి. బిడ్డ పుట్టాక మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజున ఇంటికెళ్లి బరువు తూచాలి, ఒళ్లు వెచ్చగా ఉందో లేదో చూడాలి, తల్లి పాలు పడుతున్నాయో లేదో కనుక్కోవాలి. టీకాల రోజున పిల్లల్ని పోగుచెయ్యాలి. జ్వరం అన్నవాడికి వేలు గుచ్చి మలేరియా పరీక్ష చెయ్యాలి. ఇదంతా రిజిస్టర్లలో ఎక్కించాలి. మాది చెల్లాచెదురుగా ఉన్న ఊరు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లాలంటే గెడ్డ దాటాలి, గట్టు ఎక్కాలి.

అమ్మ ఉపన్యాసాలు చెప్పేది కాదు. ఒకసారి ఒక కోడల్ని ఆస్పత్రికి పంపనని అత్త భీష్మించుకుని కూర్చుంది. "నేను ఆరుగురిని ఇంట్లోనే కన్నాను, నాకేటైపోనాది?" అంది. అమ్మ ఎదురు చెప్పలేదు. ఆ పూట వాళ్ల పెరట్లో కూర్చుని కందులు చెరిగి పెట్టింది. మర్నాడూ వెళ్లింది. మూడోనాడు ఆ ముసలమ్మే, "ఆరుగురిలో ఇద్దరే మిగిలినారే" అని ఏడ్చింది. ఆ రాత్రే కోడల్ని డోలీలో దింపారు.

అందరినీ ఒప్పించగలిగిందని చెప్పను. ఒప్పుకోని ఇళ్లున్నాయి. దారిలోనే కన్నవాళ్లున్నారు. ఒక తల్లి గెడ్డ ఒడ్డున పోయింది. ఆ తర్వాత పదిరోజులు అమ్మ ఎవరింటికీ వెళ్లలేదు, మాతో కూడా సరిగా మాట్లాడలేదు. పదకొండో రోజున సంచీ తగిలించుకుని వెళ్లిపోయింది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. మాకు ఆ సంచీ అంటే అసూయ. ఊరందరికీ పగటిపూట అమ్మ, మాకు దీపాలు పెట్టాక అమ్మ. చెల్లికి ఒకసారి జ్వరమొస్తే అమ్మ ఇంకో ఊళ్లో పిల్లలకి టీకాలు వేయించి చీకటి పడ్డాక వచ్చింది. చెల్లి రెండు రోజులు మాట్లాడలేదు. మా అయ్య "ఊరి గుంటల్ని సూత్తావు గాని నీ గుంటల్ని సూడవేటే" అని కేకలేశాడు. అమ్మ ఏమీ అనలేదు. అన్నం పెట్టి, అందరం పడుకున్నాక రిజిస్టరు రాసుకుంది. పొద్దున్న నాలుగింటికి లేచి నీళ్లు మోసింది, అంబలి కాచింది, తోటలోకి వెళ్లింది. కాఫీ పళ్లు కోసే రోజుల్లో అమ్మ ఎప్పుడు పడుకునేదో నాకిప్పటికీ తెలీదు.

డబ్బు సంగతి కూడా చెప్పుకుందాం. సేవ గురించి రాసేవాళ్లు డబ్బు మాట ఎత్తరు. చాలా ఏళ్లు ఆమెకి ముట్టింది ప్రోత్సాహకాలే, అవీ నెలల తరబడి ఆలస్యంగా. 2019లో రాష్ట్ర ప్రభుత్వం నెలకి 10,000 రూపాయలు చేసింది. ఆ డబ్బుతోనే నా హాస్టలు మెస్సు బిల్లు కట్టాను. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంలోని పది లక్షల మంది ఆశా కార్యకర్తలకి కలిపి ఒక అవార్డు ప్రకటించింది. ఆ వార్త ఫోన్‌లో చూపించి, "అమ్మా, నీకు అంతర్జాతీయ అవార్డు" అన్నాను. అమ్మ నవ్వింది. "పది లక్షల మందికీ ఒకటేనా? పంచుకుంటే నా వంతు ఏటొస్తాదిరా?" అంది. ఆ మాట వేళాకోళమే. అందులో లెక్క కూడా ఉంది.

మొదటి సంవత్సరంలో మాకు ఫిజియాలజీ ప్రాక్టికల్స్ ఉన్నాయి. రక్తపోటు ఎలా కొలవాలో నేర్పారు. చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, స్టెతస్కోపులో చప్పుడు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో రాసుకోవాలి. నాది 118/76 వచ్చింది. రికార్డు పుస్తకంలో చక్కగా బొమ్మ గీసి, ఎర్ర ఇంకుతో మార్కులు వేయించుకున్నాను. తర్వాత సెలవులకి రెండుసార్లు ఇంటికి వెళ్లాను. అమ్మ తలనొప్పి అంటూ ఉండేది. తలకి గుడ్డ బిగించి కట్టుకునేది. వందలమంది గర్భిణుల్ని బీపీ చూపించడానికి తీసుకెళ్లిన మనిషి. ఆమె చేతికి ఆ పట్టీ చుట్టినవాళ్లు లేరు. ఆమె అడగలేదు. రికార్డు పుస్తకంలో మార్కులు తెచ్చుకున్న నాకూ తోచలేదు. ఈ తప్పు నాది. దీన్ని ఎవరి మీదికీ తోసేయను.

2024 నవంబరు. మంచు బాగా పడుతున్న రోజులు. తెల్లవారుజామున అయిదింటికి అమ్మ పొయ్యి దగ్గర పడిపోయింది. ఒక పక్క చెయ్యీ కాలూ రాలేదు, మాట ముద్దగా వచ్చింది. నేను హాస్టల్లో ఉన్నాను. జరిగిన వరస చెల్లి చెప్పింది. సిగ్నల్ కోసం గట్టెక్కి ఫోన్ చేసి, మనుషుల్ని పోగుచేసి డోలీ కట్టేసరికి ఆరున్నర. రోడ్డు మీదికి దింపేసరికి ఎనిమిది. బండి వచ్చేసరికి ఎనిమిదీ నలభై. మొదటి ఆస్పత్రికి తొమ్మిదిన్నర. అక్కడ చూసి, స్కానింగు ఉన్నచోటికి తీసుకెళ్లమన్నారు. పదింపావుకి బయలుదేరి ఘాట్ రోడ్డు దిగి పట్నం చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంటా నలభై అయిదు.

కూడి చూస్తే ఎనిమిది గంటల నలభై అయిదు నిమిషాలు. పక్షవాతం రక్తపు గడ్డ వల్ల వచ్చినదైతే ఆ గడ్డ కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. నరం చిట్లిందయితే వైద్యం వేరు, అక్కడా ఆలస్యం ప్రాణాంతకమే. ఏదన్నది తెలియాలన్నా ముందు స్కానింగు దాకా చేరాలి. అమ్మ మూడోరోజు పోయింది. నలభై మూడేళ్లు. ఏ ఒక్క ఆస్పత్రినీ, ఏ ఒక్క డాక్టరునీ నేను తప్పుపట్టడం లేదు. ప్రతివాళ్లూ తమ వంతు చేశారు. తప్పంతా ఆ గంటల్లో ఉంది. ఆ గంటలు రోడ్డులో ఉన్నాయి. ఎందరికో ముందు నడిచి తను దింపించిన డోలీలోనే ఆమెనీ దింపారు.

పెద్దకర్మ రోజున చుట్టుపక్కల ఊళ్లన్నీ వచ్చాయి. మైకు పెట్టారు. వచ్చిన పెద్దలు మాట్లాడారు. "త్యాగమూర్తి" అన్నారు. "తన కోసం ఏనాడూ ఏదీ అడగలేదు" అన్నారు. "ఇలాంటి తల్లి ఉంటే ఆస్పత్రులెందుకు?" అన్నారు ఒకరు. జనం చప్పట్లు కొట్టారు. నేను ముందు వరసలో గుండుతో కూర్చుని ఉన్నాను. చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండింది. ఆమె అడగలేదన్నది నిజం. అడగకపోవడమే ఆమె గొప్పతనం అయితే, ఇవ్వకపోవడం ఎవరి గొప్పతనం?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మనం పొగడ్తని జీతానికి బదులుగా వాడుకుంటున్నాం. దణ్ణాన్ని రోడ్డుకి బదులుగా వాడుకుంటున్నాం. తల్లి అన్న మాటకి 'అలుపు లేనిది' అని అర్థం చెప్పుకుని, ఆ అర్థం మీద ఒక ప్రభుత్వ పథకాన్నే నిలబెట్టాం.

ఈ కొండల్లో రోడ్డు వేయడం కష్టమంటారు. నిజమే. కాని 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడం కోసం ఇవే కొండల్ని తొలిచి యాభైకి పైగా సొరంగాలతో రైలు మార్గం వేశారు. రాయి కోసం కొండ తొలిచిన దేశానికి నాలుగు కిలోమీటర్ల బాట అసాధ్యం ఎలా అవుతుంది? అడవి చట్టం ఒప్పుకోదంటారు. 2006 అటవీ హక్కుల చట్టంలోనే సెక్షన్ 3(2) ఉంది. రోడ్డు, బడి, ఆస్పత్రి లాంటి వాటికి ఒక్కొక్కదానికి హెక్టారు లోపు అటవీభూమిని, హెక్టారుకి 75 చెట్లకి మించకుండా, గ్రామసభ సిఫారసుతో ఇవ్వచ్చని అందులో రాసి ఉంది. చట్టం దారి చూపిస్తూనే ఉంది. దాన్ని చదివి గ్రామసభలో తీర్మానం రాసే మనిషే ఊళ్లో లేడు. ఎనిమిదో తరగతి చదివిన ఒక్క ఆడమనిషి మీదే ఊరంతా ఆనుకుంది.

ఏమీ జరగడం లేదని నేను అనను, అది అబద్ధం అవుతుంది. 2018లో సాలూరులో గిరిశిఖర గ్రామాల గర్భిణుల కోసం వసతి గృహం పెట్టారు. నెలలు నిండకముందే వచ్చి అక్కడ ఉండవచ్చు. అర్ధరాత్రి డోలీ కట్టే పని తప్పుతుంది. 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం ఆశా కార్యకర్తలకి గ్రాట్యుటీ, 62 ఏళ్ల దాకా పని, 180 రోజుల ప్రసూతి సెలవు ప్రకటించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో 'అడవితల్లి బాట' పేరుతో గిరిజన గ్రామాలకి రోడ్ల పథకం మొదలైంది. మంచిదే. ఆ పేరు విన్నప్పుడు మాత్రం నాకు వేరే తల్లి గుర్తొచ్చింది. అయిదు నెలలు ముందొస్తే బాగుండునని అనిపించడం మానవసహజం కదా.

ఇక్కడ ఒక మిత్రుడి ఆక్షేపణకి జవాబు చెప్పాలి. "సేవకి లెక్క కడితే అది సేవ ఎలా అవుతుంది? నువ్వు మీ అమ్మ మంచితనాన్ని తక్కువ చేస్తున్నావు" అన్నాడు. నేను చాలా రోజులు ఆలోచించాను. మన అధ్యాపకులు జీతం తీసుకుని పాఠం చెబుతున్నారు. వాళ్లలో ప్రేమతో చెప్పేవాళ్లెవరో మనకి తెలియడం లేదా? జీతం ప్రేమని చంపదు. జీతం లేకపోవడం మనిషిని చంపుతుంది. మా అమ్మ ఆ ముసలమ్మ పెరట్లో చెరిగిన కందులకి ఏ రిజిస్టరులోనూ గడి లేదు, ఉండనక్కర్లేదు, అది ఆమె మంచితనం. గెడ్డ దాటి నడిచిన నడకకి, మేలుకున్న రాత్రికి మాత్రం గడి ఉండాలి.

తల్లులంటే భరించేవాళ్లేనా? నెల్లూరు జిల్లా దూబగుంట రోశమ్మగారి పేరు మీరు వినే ఉంటారు. 1990 ప్రాంతంలో అక్షరాస్యతా ఉద్యమం రాత్రిబడులు పెడితే, అక్కడ కూర్చున్న ఆడవాళ్లు అక్షరాలతో పాటు తమ ఇళ్ల గురించీ మాట్లాడుకున్నారు. సారా దుకాణం ఊళ్లోకి రానివ్వమన్నారు. ఆ పల్లెలో లేచిన మాట జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. రెండేళ్లకే, 1997లో, దాన్ని సడలించారనుకోండి, అది వేరే కథ. రోశమ్మగారు 2016లో కన్నుమూశారు. ఆమెని మనం తలుచుకునేది భరించినందుకు కాదు, అడిగినందుకు. మా అమ్మకి అడిగే తీరిక లేకపోయింది. ఆమె తరఫున అడగవలసింది ఆమె డబ్బుతో చదువుకున్న నేను.

అసలు ఈ వ్యాసం ఇప్పుడు రాయడానికి ఒక కారణం ఉంది. మా చెల్లికి పద్దెనిమిదేళ్లు. ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నర్సింగు చదువుతానంటుంది. ఊరి పెద్దలు, మా చుట్టాలు వేరేలా ఆలోచిస్తున్నారు. ఊళ్లోనే సంబంధం చూసి పెళ్లి చేసేస్తే, వాళ్లమ్మ సంచీ ఎప్పటికైనా ఆమె భుజానికే వస్తుందట. "తల్లి పేరు నిలబెట్టాలి కదమ్మా" అంటున్నారు. అయ్య అటూ చెప్పలేడు, ఇటూ చెప్పలేడు. మొన్న సెలవుల్లో నేను చెల్లి పక్షాన గట్టిగా మాట్లాడాను. చెల్లి అంతా విని, "మంచిగానే సెప్పినావన్నా. మరి నేనెల్లిపోతే నీళ్లెవరు తెస్తారు? అయ్యకి అన్నం ఎవరు వండుతారు? నువ్వు పట్నంలో కూకుని అమ్మ మీద వ్యాసం రాస్తావా?" అంది. జవాబు చెప్పలేకపోయాను. అమ్మ చేసిన పనిలో సగం ఊరిది, సగం ఇంటిది. ఊరి సగం గురించి ప్రభుత్వాన్ని అడుగుతున్నాను సరే, ఇంటి సగం గురించి ఎవర్ని అడగాలి?

అందుకని ఒక నిర్ణయం చేసుకున్నాను. చెల్లి నర్సింగు అయ్యేదాకా ప్రతి సెలవూ, కాఫీ కోతలకి వీలైనన్ని రోజులూ నేను ఇంట్లో ఉంటాను. వంట నేర్చుకున్నాను. అంబలి మొదట ఉండలు కట్టింది, ఇప్పుడు ఫరవాలేదు. అయ్య కూడా నీళ్లకి వెళుతున్నాడు. మొదట్లో బావి దగ్గర నవ్వారట, ఇప్పుడు నవ్వడం లేదట.

విద్యార్థి సంఘం మిత్రులకి నాదొక చిన్న సూచన. మనలో కొండ ఊళ్ల నుంచి, పల్లెల నుంచి వచ్చినవాళ్లు చాలామందిమి ఉన్నాం. బీపీ చూడటం నేర్చుకున్నవాళ్లమూ ఉన్నాం. సంఘం నిధుల్లోంచి నాలుగు మిషన్లు కొందాం. సెలవులకి వెళ్లేటప్పుడు వంతులవారీగా తీసుకెళదాం. ఊరందరికీ వైద్యం చేసేస్తామని కాదు, అది మన పని కాదు. ఊరందరినీ చూసుకునే ఆ ఒక్క మనిషిని కూర్చోబెట్టి, ముందు ఆమెకి చూద్దాం. ఎక్కువుంటే ఆస్పత్రికి మనమే వెంట వెళదాం. అలాగే సెక్షన్ 3(2) కింద గ్రామసభ తీర్మానం ఎలా రాయాలో తెలుగులో ఒక కాగితం తయారు చేద్దాం. లా విద్యార్థులు సాయం చేస్తామన్నారు. ఈ వేసవికి మొదటి తీర్మానం మా ఊరిదే అవుతుంది.

నేను కొన్న మిషన్ ఇప్పుడు మా ఇంట్లో ఉంది. అమ్మ స్థానంలో పక్క వీధి పిన్ని చేరింది. పోయిన సెలవుల్లో ఆమెకి పట్టీ చుట్టబోతే, "నాకెందుకురా, నాకేటైంది?" అని చెయ్యి లాక్కుంది. సరిగ్గా అమ్మ మాటే. ఈసారి నేను వదల్లేదు. 152/96 వచ్చింది. మర్నాడే నాలుగు కిలోమీటర్లూ ఇద్దరం నడిచి వెళ్లి చూపించుకుని వచ్చాం. ఇప్పుడు మాత్ర వేసుకుంటోంది. వేసుకుంటోందా లేదా అని చెల్లి రోజూ అడుగుతోంది.

— తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి